ఒకే రౌటర్, వేర్వేరు వేగాలు: వైఫై చరిత్రలో ఒక పాత వాగ్దానం

ఒకే ఇంట్లో, ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టిన రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే రౌటర్ నుంచి వేర్వేరు వేగాలు అందుకోవడం ఈనాడు దాదాపు ప్రతి కుటుంబానికీ అనుభవంలో ఉన్న విషయం. ఒకటి సెకనుకు 400 మెగాబిట్లు చూపిస్తుంది, రెండవది 40 దగ్గర ఆగిపోతుంది. ఇంటర్నెట్ కంపెనీకి కట్టే నెలసరి రుసుము ఒక్కటే, గోడ పక్కనున్న పెట్టె ఒక్కటే, పాస్‌వర్డ్ ఒక్కటే. అయినా ఫలితం రెండు విధాలు. ఈ తేడా కనిపించగానే చాలామంది రౌటర్‌ని మారుస్తారు. దానివల్లా ప్రయోజనం లేకపోతే వెనుకబడిన ల్యాప్‌టాప్ పాతదైపోయిందని తీర్పు చెప్పి పక్కన పెడతారు.

నిజానికి వైఫైలో వేగం రౌటర్ ఒక్కదాని గుణం కాదు. అది రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య క్షణక్షణం కుదిరే ఒప్పందం. ఎవరికి ఎన్ని యాంటెనాలున్నాయి, ఎవరు ఏ తరం భాష మాట్లాడగలరు, మధ్యలో ఎంత రొద ఉంది, అదే గాలిలో ఇంకెవరు మాట్లాడుతున్నారు అన్న ప్రశ్నలన్నిటికీ వచ్చిన జవాబుల మొత్తమే తెర మీద కనిపించే అంకె. ఆ ఒప్పందపు నియమాలు ఒక్కరోజులో పుట్టినవి కావు. ఒక్కొక్క నియమం వెనుక ఒక్కొక్క కాలపు అవసరం, ఒక్కొక్క రాజీ ఉన్నాయి. వాటన్నిటి అడుగున, పాత యంత్రాన్ని కూడా బయటకు నెట్టకూడదన్న ఒక వాగ్దానం ఉంది. రెండు ల్యాప్‌టాప్‌ల మధ్య తేడాలో ఎక్కువ భాగం ఆ వాగ్దానానికి చెల్లిస్తున్న మూల్యమే.

వైద్యులు వదిలివెళ్ళిన బ్యాండ్

వైఫై మొదట స్థిరపడిన 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని సాంకేతిక పరిభాషలో పారిశ్రామిక, వైజ్ఞానిక, వైద్య బ్యాండ్ అంటారు. ఈ పేరులో వైద్యం ఎందుకు చేరిందన్నది ఆసక్తికరమైన కథ. 1890లలో పారిస్ నగరంలో దార్సొన్వాల్ అనే వైద్య శాస్త్రజ్ఞుడు అధిక పౌనఃపున్యం గల విద్యుత్తు మనిషి శరీరం గుండా ప్రవహించినా కండరాలు కొట్టుకోవనీ, లోపల వెచ్చదనం మాత్రం పుడుతుందనీ గమనించాడు. అదే తర్వాత డయాథెర్మీ అనే చికిత్సగా స్థిరపడింది. కీళ్ళనొప్పులకు, కండరాల నొప్పులకు శరీరంలో లోతుగా వేడి కలిగించే ఈ యంత్రాలు 1930ల నాటికి అమెరికాలో ఆసుపత్రులలోనూ డాక్టర్ల గదులలోనూ విరివిగా వాడుకలోకి వచ్చాయి.

ఆ యంత్రాలు రోగినే కాక చుట్టుపక్కల ఉన్న రేడియోలను కూడా తాకేవి. నిజానికి అవి అదుపులేని రేడియో ప్రసారిణులే. ఒక వీధిలో చికిత్స జరుగుతుంటే ఎక్కడో దూరాన పోలీసు రేడియోలో రొద వినిపించేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ డయాథెర్మీ యంత్రాలన్నిటినీ నమోదు చేయించుకోవాలని ఆదేశించింది. వైద్య పరికరాన్ని రహస్య ప్రసారానికి కూడా వాడుకోవచ్చునన్న భయం అందుకు ఒక కారణం.

యుద్ధం ముగిశాక 1947లో అట్లాంటిక్ సిటీలో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సదస్సు ఈ చిక్కుకు పరిష్కారం చూపింది. వేడి పుట్టించే యంత్రాలకు కొన్ని పౌనఃపున్యాలు ప్రత్యేకించి, వాటిలో ఎంత రొద చేసినా తప్పులేదని నిర్ణయించారు. 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ ఉన్న బ్యాండ్ అందులో ఒకటి. రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ ఆలోచన నుంచి పుట్టిన మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ ఇంటికే చేరింది. అదే కాలంలో మేయో క్లినిక్‌లో ఫ్రాంక్ క్రూసెన్ బృందం మైక్రోవేవ్‌లతో శరీర కణజాలాన్ని వేడి చేసే ప్రయోగాలు ప్రచురించింది. ఈ బ్యాండ్‌లో సమాచారం పంపదలచిన వారెవరైనా ఈ యంత్రాల రొదను భరించవలసిందే. అందుకే దశాబ్దాల పాటు దానిని ఎవరూ కోరుకోలేదు. ఊరి చివర ఎవరికీ అక్కరలేని బంజరు భూమి వంటిదన్నమాట.

ఈ నేపథ్యం వల్లనే ఈనాటికీ వంటగదిలో మైక్రోవేవ్ పొయ్యి తిరుగుతున్నంతసేపూ దాని పక్కన 2.4 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తున్న ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో ఉన్న రెండవ ల్యాప్‌టాప్‌కి ఆ బాధ ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నీటి అణువు అనునాదం చెందుతుందన్న ప్రచారంలో నిజం లేదు. నీరు అత్యధికంగా శక్తిని పీల్చుకునే ప్రాంతం అంతకంటే ఎన్నోరెట్లు పైన, 20 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో ఉంది. అయినా నీరు ఎక్కువగా ఉండే మానవ శరీరం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను కూడా తగినంతగా అడ్డుకుంటుంది. కనుక రౌటర్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఒక మనిషి కూర్చున్నా సంకేతం బలహీనపడుతుంది.

హవాయి దీవుల నుంచి నగదు యంత్రాల దాకా

అందరూ ఒకే గాలిలో మాట్లాడితే ఎవరి మాట ఎవరికి వినిపించాలి? ఈ ప్రశ్నకు తొలి ఆచరణాత్మకమైన జవాబు హవాయి విశ్వవిద్యాలయంలో దొరికింది. వేర్వేరు దీవులలో ఉన్న కళాశాలలను హొనొలూలులోని పెద్ద కంప్యూటర్‌తో కలపడానికి నార్మన్ అబ్రాంసన్ బృందం నిర్మించిన అలోహానెట్ 1971లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని వేగం సెకనుకు 9600 బిట్లు. నియమం చాలా సరళమైనది: చెప్పవలసింది ఉంటే చెప్పేయడమే. రెండు ప్రసారాలు ఢీకొంటే రెండూ పాడవుతాయి. అప్పుడు ఎవరికి వారు యాదృచ్ఛికంగా కొంతసేపు ఆగి మళ్ళీ ప్రయత్నిస్తారు.

ఈ స్వేచ్ఛకు ఖర్చు ఉంది. ఈ పద్ధతిలో ఉన్న సామర్థ్యంలో గరిష్ఠంగా 18.4 శాతం మాత్రమే ఉపయోగంలోకి వస్తుందని గణితం తేల్చింది. కాలాన్ని సమానమైన గళ్ళుగా విభజించి, గడి మొదట్లోనే మాట్లాడాలన్న నియమం పెడితే అది 36.8 శాతానికి పెరుగుతుంది. మాట్లాడబోయే ముందు ఎవరైనా మాట్లాడుతున్నారేమో విని, నిశ్శబ్దంగా ఉంటేనే, అదీ కొంత యాదృచ్ఛిక విరామం తర్వాతే మాట్లాడాలన్న మర్యాద తర్వాతి కాలంలో చేరింది. వైఫై ఈనాటికీ ఈ మర్యాదనే పాటిస్తుంది. పెట్టె మీద ముద్రించిన వేగానికీ, చేతికి అందే వేగానికీ మధ్య కనిపించే అంతరంలో కొంత భాగం ఈ వినడంలో, ఆగడంలో, అందినట్టు రసీదు పంపడంలో ఖర్చవుతుంది. అన్నీ అనుకూలించినా పెట్టె మీది అంకెలో దాదాపు సగం నుంచి మూడింట రెండు వంతులే అసలు సమాచారానికి మిగులుతుంది.

1985 మే నెలలో అమెరికా కమ్యూనికేషన్స్ కమిషన్ తీసుకున్న ఒక నిర్ణయం ఆ బంజరు భూమికి విలువ తెచ్చింది. మైఖేల్ మార్కస్ అనే ఇంజనీరు చొరవతో 900 మెగాహెర్ట్జ్, 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ ప్రాంతాలలోని మూడు బ్యాండ్‌లను, ఒక వాట్ శక్తి దాటకుండా, సంకేతాన్ని వెడల్పుగా పరిచి పంపే పద్ధతిలో, ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చునని కమిషన్ అనుమతించింది. షరతు ఒక్కటే. ఇతరుల రొద గురించి ఫిర్యాదు చేసే హక్కు ఎవరికీ ఉండదు. పక్కింటి రౌటర్ వల్ల తన ల్యాప్‌టాప్ నెమ్మదించిందని అపార్ట్‌మెంటు వాసి ఏ కార్యాలయానికీ వెళ్ళలేకపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ అవకాశాన్ని తొందరగా అందిపుచ్చుకున్నవారిలో నగదు యంత్రాలు తయారుచేసే ఎన్‌సీఆర్ కంపెనీ ఒకటి. దుకాణంలో అమరిక మార్చిన ప్రతిసారీ తీగలు మళ్ళీ లాగవలసి రావడం వారి ఇబ్బంది. నెదర్లాండ్స్‌లోని వారి ఇంజనీర్లు వేవ్‌లాన్ అనే పరికరాన్ని రూపొందించారు. అయితే ఒక కంపెనీ యంత్రం మరొక కంపెనీ యంత్రంతో మాట్లాడలేకపోతే వ్యాపారం పెరగదు. అందుకని 1990లో ఐఇఇఇ సంస్థ 802.11 అనే సంఖ్యతో ఒక ప్రమాణ సంఘాన్ని ఏర్పాటు చేసింది. ఎన్‌సీఆర్‌కి చెందిన విక్ హేస్ పదేళ్ళపాటు దానికి అధ్యక్షత వహించాడు. 1997లో వెలువడిన మొదటి ప్రమాణం సెకనుకు 1, 2 మెగాబిట్ల వేగాలను నిర్దేశించింది. 1999లో వచ్చిన 802.11బి దానిని 11కి పెంచింది. అదే ఏడాది ఆపిల్ కంపెనీ ఐబుక్ ల్యాప్‌టాప్‌తో ఈ సౌకర్యాన్ని మామూలు కొనుగోలుదారుల ఇళ్ళలోకి తెచ్చింది. వైఫై అన్న పేరు కూడా ఆ కాలంలోనే పుట్టింది.

వినికిడిని బట్టి వేగం

మొదటి ప్రమాణంలోనే రెండు వేగాలు ఉండడం గమనించదగ్గ విషయం. ఎందుకంటే 1948లో క్లాడ్ షానన్ నిరూపించినట్లు, ఒక మార్గంలో పంపగల సమాచారానికి ఒక హద్దు ఉంటుంది. మార్గం వెడల్పు, రొదతో పోల్చినప్పుడు సంకేతానికి ఉన్న బలం కలిసి ఆ హద్దును నిర్ణయిస్తాయి. దగ్గరగా ఉన్నవారితో గబగబా మాట్లాడినా అర్థమవుతుంది. దూరంగా ఉన్నవారితో ఒక్కొక్క అక్షరం నిదానంగా పలకాలి. కనుక ఎంత వేగంగా మాట్లాడాలన్నది ప్రతి జంటా తమకు తామే తేల్చుకోవాలి.

ఎలా తేల్చుకోవాలన్నది మాత్రం ప్రమాణం చెప్పలేదు. ఏయే వేగాలు అనుమతించబడ్డాయో చెప్పి, ఎప్పుడు ఏది ఎంచుకోవాలన్న నిర్ణయాన్ని తయారీదారులకు వదిలేసింది. వేవ్‌లాన్ ఇంజనీర్లు ఆడ్ కామెర్మాన్, లియో మోంటెబాన్ 1997లో ప్రచురించిన పద్ధతి వీటిలో ప్రసిద్ధమైనది. వరుసగా రెండు ప్యాకెట్లకు రసీదు రాకపోతే ఒక మెట్టు కిందికి దిగడం, వరుసగా పది అందితే ఒక మెట్టు పైకి ఎక్కి చూడడం దాని సారాంశం. ఇందులో ఒక లోపం ఉంది. రసీదు రాకపోవడానికి సంకేతం బలహీనపడడమే కారణం కానక్కరలేదు. వేరొకరి ప్రసారంతో ఢీకొనడం కూడా కావచ్చు. జ్వరం కనిపించగానే మూలం విచారించకుండా ఒకే మందు ఇచ్చినట్టు, ఈ పద్ధతి రెంటికీ వేగం తగ్గించడమనే ఒకే చికిత్స చేస్తుంది. 2005లో ఎంఐటీలో జాన్ బికెట్ రూపొందించిన పద్ధతి వేర్వేరు వేగాలను అప్పుడప్పుడూ పరీక్షించి, ఏ వేగంలో పంపితే ప్యాకెట్ తక్కువ సమయంలో చేరుతోందో లెక్కగట్టి ఎంచుకుంటుంది.

ఇంట్లో కనిపించే తేడాలకు ఇది పెద్ద కారణం. రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే ఏడాది కొన్నవైనా వాటిలోని వైఫై చిప్పులు వేర్వేరు కంపెనీలవైతే, వాటి డ్రైవర్లు ఒకే పరిస్థితికి వేర్వేరు నిర్ణయాలు తీసుకుంటాయి. ఒకటి కాస్త రొద వినగానే జంకి కిందికి దిగుతుంది. మరొకటి నిలదొక్కుకుంటుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లలో దేనికి అతుక్కోవాలన్న నిర్ణయం కూడా చివరికి ల్యాప్‌టాప్‌దే. రౌటర్ సూచన మాత్రమే చేయగలదు. అమెరికాలో కర్ర చట్రాల మీద జిప్సం పలకలు బిగించిన ఇళ్ళలో 5 గిగాహెర్ట్జ్ తరంగాలు రెండు మూడు గదులు దాటగలుగుతాయి. గల్ఫ్ దేశాలలోనూ భారతదేశంలోనూ ఉండే కాంక్రీటు భవనాలలో ఒకటి రెండు గోడలకే నీరసిస్తాయి. అప్పుడు ఒక ల్యాప్‌టాప్ ఇంకా 5లోనే వేలాడుతూ ఉంటే, మరొకటి 2.4కి మారి రద్దీలో చిక్కుకుంటుంది.

ప్రతిధ్వనులు, యాంటెనాలు

గదిలో రేడియో తరంగం ఒకే దారిలో ప్రయాణించదు. గోడలకు, బీరువాలకు, పైకప్పుకు తగిలి పలు ప్రతిధ్వనులుగా చేరుతుంది. ఖాళీ కల్యాణమండపంలో వేగంగా మాట్లాడితే మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది. ఆస్ట్రేలియా జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో రేడియో ఖగోళ శాస్త్ర నేపథ్యం ఉన్న జాన్ ఒసులివాన్ బృందం 1990ల తొలినాళ్ళలో ఈ చిక్కుకు ఒక పరిష్కారం ప్రతిపాదించింది. సమాచారాన్ని ఒకే వేగవంతమైన ప్రవాహంగా కాక, అనేక నిదానమైన ప్రవాహాలుగా విడదీసి, పక్కపక్క పౌనఃపున్యాలలో ఏకకాలంలో పంపాలన్నది అందులోని కీలకం. 1999లో వచ్చిన 802.11ఎ, 2003లో వచ్చిన 802.11జి ఇటువంటి పద్ధతితోనే 54 మెగాబిట్లకు చేరాయి.

తర్వాతి అడుగు ప్రతిధ్వనిని శత్రువుగా కాక మిత్రుడిగా చూడడం. భారత నౌకాదళంలో సోనార్ పరిశోధనకు నాయకత్వం వహించి, తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, అక్కడి ఆచార్యుడు థామస్ కైలాత్‌తో కలిసి 1992లో ఒక పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1994లో అది మంజూరయింది. పలు యాంటెనాలతో పంపి, పలు యాంటెనాలతో అందుకుంటే ఒకే పౌనఃపున్యంలో ఒకటికి మించిన సమాచార ప్రవాహాలను నడపవచ్చునన్నది దాని సారం. 2009లో ఆమోదం పొందిన 802.11ఎన్ ఈ భావనను ఇళ్ళకు చేర్చింది.

ఇక్కడి నుంచి ల్యాప్‌టాప్‌ల మధ్య అంతరం బాగా పెరిగింది. అప్పటివరకూ ఒక తరం యంత్రాలన్నిటికీ గరిష్ఠ వేగం ఒక్కటే. ఇప్పుడు ఒకే తరంలోనే యాంటెనాల సంఖ్యను బట్టి అంతస్తులు ఏర్పడ్డాయి. 2013 చివర ఖరారైన 802.11ఏసీ ప్రమాణం పాటించే రౌటర్ 80 మెగాహెర్ట్జ్ వెడల్పు మార్గంలో పనిచేస్తోందని అనుకుందాం. రెండు యాంటెనాల ల్యాప్‌టాప్‌కి అది ఇవ్వగల గరిష్ఠ వేగం 867 మెగాబిట్లు. ఒకే యాంటెనా ఉన్న చవక ల్యాప్‌టాప్‌కి 433. రెండు యాంటెనాలున్నా పాత 802.11ఎన్ తరానికి చెంది, 40 మెగాహెర్ట్జ్ వెడల్పే వాడగలిగినదానికి 300. 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసి, ఒకే యాంటెనాతో మామూలు 20 మెగాహెర్ట్జ్ మార్గంలో ఉన్నదానికి 72. రౌటర్‌కి నాలుగు యాంటెనాలున్నా ఎనిమిదున్నా ఈ అంకెలు మారవు. ఒప్పందంలో తక్కువ సామర్థ్యం ఉన్న పక్షమే హద్దు గీస్తుంది. ల్యాప్‌టాప్ ప్రకటనలలో ప్రాసెసర్ పేరు పెద్ద అక్షరాలతో ఉంటుంది కాని, లోపల ఎన్ని యాంటెనాలున్నాయో చెప్పే ప్రకటన అరుదు.

పాతవారి కోసం ఆగడం

ఇన్ని తరాల యంత్రాలు ఒకే గాలిలో ఎలా ఇమిడాయి? 802.11 సంఘం మొదటినుంచీ పాటించిన సూత్రం, ఒక బ్యాండ్‌లోకి వచ్చిన కొత్త యంత్రం ఆ బ్యాండ్‌లోని పాత యంత్రంతో మాట్లాడగలగాలి అన్నది. దీని పరీక్ష 2003లో ఎదురైంది. 802.11జి యంత్రాలు మాట్లాడే కొత్త పద్ధతి 802.11బి యంత్రాలకు మాటగా వినిపించదు. గాలి నిశ్శబ్దంగా ఉందనుకుని అవి మధ్యలో మాట్లాడి ఢీకొంటాయి. అందుకని పాత యంత్రం ఒక్కటి చేరినా సరే, కొత్తవి తమ ప్రతి మాటకు ముందు పాత భాషలో, నిదానంగా, ఇంతసేపు మాట్లాడబోతున్నాను అని ప్రకటించాలన్న నియమం పెట్టారు. ఈ ప్రకటనల ఖర్చుతో కొత్త యంత్రాల వేగం దాదాపు సగానికి పడిపోయేది. ఇంట్లో ఏదో మూలన ఉన్న పాత ప్రింటర్ ఒక్క పేజీ అచ్చువేయకపోయినా, రౌటర్‌తో అనుబంధం పెట్టుకుని ఉన్నంత మాత్రాన అందరి మీదా ఈ పన్ను పడేది.

ఇంతకంటే లోతైన చిక్కును అదే 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు మార్టిన్ హ్యూస్, ఆంజెయ్ దూదా, వారి సహచరులు బయటపెట్టారు. అందరూ 802.11బి యంత్రాలే అయినా, ఒకటి దూరంగా ఉండి నిదానంగా మాట్లాడితే, దగ్గరగా ఉన్నవాటి వేగం కూడా ఆ నిదానపు స్థాయికి పడిపోతుందని వారు చూపారు. దీనికి కారణం యంత్రలోపం కాదు. నియమం న్యాయంగా ఉండడమే.

మన ఊళ్ళలో వీధి కుళాయి దగ్గరి వరుసను తలచుకుంటే ఇది సులభంగా తెలుస్తుంది. మనిషికొక బిందె చొప్పున వంతు అన్నది అక్కడి న్యాయం. ఒకామె బిందె మూతి వెడల్పుగా ఉండి నిమిషంలో నిండుతుంది. మరొకామె బిందె మూతి సన్నం కావడంతో కుళాయి ధార తగ్గించి పది నిమిషాలు పట్టాలి. వంతులు సమానమే. కాని గంట గడిచేసరికి ఇద్దరికీ దక్కినవి అయిదారు బిందెలే. వెడల్పు మూతి బిందె ఉండి కూడా మొదటి ఆమెకు లాభం లేదు. కుళాయి కాలమంతా సన్న మూతి కిందనే గడిచింది.

వైఫైలో అంకెలతో ఇది ఇలా ఉంటుంది. ఒక ప్యాకెట్‌లో 12,000 బిట్లు ఉన్నాయనుకుందాం. 11 మెగాబిట్ల వేగంతో పంపే ల్యాప్‌టాప్‌కి ఆ ప్యాకెట్ పంపడానికి సుమారు 1.1 మిల్లీసెకన్లు పడుతుంది. 1 మెగాబిట్ వేగంతో పంపేదానికి 12 మిల్లీసెకన్లు. గాలిలో మాట్లాడే అవకాశం ఇద్దరికీ సమానం కనుక ఒకరి తర్వాత ఒకరు పంపితే ఒక ఆవృత్తికి 13.1 మిల్లీసెకన్లు. ఆ ఆవృత్తిలో ఇద్దరూ పంపింది చెరొక ప్యాకెట్టే. అంటే వినడం, ఆగడం వంటి ఖర్చులు తీసివేయకముందే ఇద్దరికీ దక్కే వేగం సెకనుకు 0.92 మెగాబిట్లు. పదకొండు రెట్ల సామర్థ్యం ఉన్నది కూడా ఒకటి కంటే తక్కువతో సరిపెట్టుకోవాలి.

ఏది సమానత?

ఇంతవరకూ ఇంజనీరింగ్ సమస్యగా కనిపించినది ఇక్కడ న్యాయ సమస్యగా మారుతుంది. సమానంగా పంచవలసినది వంతులా, కాలమా? 2004లో ఎంఐటీకి చెందిన గాడ్‌ఫ్రీ టాన్, జాన్ గుట్టాగ్ కాలాన్నే సమానంగా పంచాలని వాదించారు. పైన చెప్పిన ఉదాహరణలో చెరి సగం కాలం ఇస్తే వేగవంతమైన ల్యాప్‌టాప్‌కి 5.5 మెగాబిట్లు, నిదానమైనదానికి 0.5 మెగాబిట్లు దక్కుతాయి. మొత్తం ఆరు. వంతుల పద్ధతిలో మొత్తం రెండైనా లేదు. అయితే నిదానమైనదానికి అంతకుముందు దక్కిన 0.92 ఇప్పుడు 0.5 అయింది. ఇల్లంతా లాభపడినా, ఒక మూల గదిలో ఉన్న ఒక మనిషి నష్టపోయాడు.

2017లో స్వీడన్‌లోని కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకే హాయిలాండ్-యోర్గెన్సెన్, అతని సహచరులు ఈ కాల సమానతను లినక్స్‌లో ఆచరణలో పెట్టి చూపించారు. ఈనాడు అనేక రౌటర్లలో ఈ ఏర్పాటు ఏదో ఒక రూపంలో ఉంది. 2021లో ఆమోదం పొందిన 802.11ఏఎక్స్, అంటే వైఫై 6, ఒకే క్షణంలో మార్గాన్ని ముక్కలుగా చేసి పలు యంత్రాలకు పంచే వీలు కల్పించి ఈ ఒత్తిడిని మరికొంత తగ్గించింది. దాని పూర్తి ఫలితం మాత్రం ఇంట్లోని ల్యాప్‌టాప్‌లు కూడా ఆ తరానికి చెందినప్పుడే దక్కుతుంది.

ఈ ప్రశ్న కాగితం మీది లెక్క మాత్రమే కాదని 2020లో ఇళ్ళే బళ్ళుగా, కార్యాలయాలుగా మారినప్పుడు అర్థమైంది. సాధారణంగా కుటుంబంలో కొత్త ల్యాప్‌టాప్ సంపాదించే మనిషిది, రౌటర్ ఉన్న గది కూడా ఆ మనిషిదే. పాత ల్యాప్‌టాప్ పిల్లలకో, దూరదేశం నుంచి వచ్చిన తల్లిదండ్రులకో చేరుతుంది. వారి పడకగది తరచు ఇంటికి ఆ చివర ఉంటుంది. వంతుల న్యాయంలో వారి నిదానం అందరినీ ఆపుతుంది, నింద వారి యంత్రం మీద పడుతుంది. కాల న్యాయంలో వారి నిదానం వారికే మిగులుతుంది, నింద ఎవరికీ వినిపించదు. రౌటర్‌లోని ఒక చిన్న అమరిక ఈ రెండింటిలో ఒకదానిని ఇంటివారికి చెప్పకుండానే ఎంచుకుంటుంది.

దేశం మారితే

ప్రవాసులకు ప్రత్యేకంగా ఎదురయ్యే మరొక కారణం కూడా చరిత్ర మిగిల్చినదే. 1985 నిర్ణయం అమెరికాది. మిగతా దేశాలు తమ తమ కాలాల్లో, తమ తమ హద్దులతో ఆ బ్యాండ్‌లను తెరిచాయి. భారతదేశం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని లైసెన్సు నుంచి మినహాయిస్తూ 2005లో నియమాలు ప్రకటించింది. 5 గిగాహెర్ట్జ్‌లోని విశాలమైన భాగాన్ని 2018లో విడుదల చేసింది. 2.4లో అమెరికా వాడేది 11 ఛానళ్ళు, బ్రిటన్, భారతదేశం వంటివి వాడేది 13. అమెరికా కోసం తయారైన ల్యాప్‌టాప్‌ని లండన్‌కో హైదరాబాద్‌కో తీసుకువెళ్ళినప్పుడు, అక్కడి రౌటర్ 13వ ఛానల్‌లో ఉంటే ఆ ల్యాప్‌టాప్‌కి అది కనిపించకనే పోవచ్చు. అదే ఇంట్లో కొన్న ల్యాప్‌టాప్‌కి ఏ ఇబ్బందీ ఉండదు. యంత్రం పాడైందని సేవాకేంద్రానికి పరుగెత్తే ముందు రౌటర్‌ని 1, 6, 11 ఛానళ్ళలో ఒకదానికి మారిస్తే చాలు. ఇవి ఒకదానితో ఒకటి కలవనివి కనుక రద్దీకి కూడా మేలు.

మూసుకుంటున్న ఒక తలుపు

ఈ చరిత్ర తెలిసినవారికి రెండు ల్యాప్‌టాప్‌ల తేడాను విచారించే క్రమం స్పష్టంగానే ఉంటుంది. ముందు అవి ఏ బ్యాండ్‌లో ఉన్నాయో చూడాలి. తర్వాత రెండింటి తరమూ యాంటెనాల సంఖ్యా పోల్చాలి. ఆ పైన వాటి స్థానాలు తారుమారు చేసి, వేగం గదితో మారుతోందా యంత్రంతో మారుతోందా గమనించాలి. డ్రైవర్‌ని నవీకరించాలి. కదలని పాత యంత్రానికి ఒక తీగ తగిలించడం దానికే కాక ఇంట్లోని యంత్రాలన్నిటికీ ఉపకారం. గాలిలో అది వాడుకుంటున్న కాలం మిగతావారికి మిగులుతుంది. వీటన్నిటి తర్వాతే కొత్త రౌటర్ ఆలోచన.

అయితే పాత యంత్రాన్ని వెలివేయకూడదన్న వాగ్దానం ఎంతకాలం నిలుస్తుందన్నది వేరే ప్రశ్న. పెద్ద సంస్థల నిర్వాహకులు 1, 2 మెగాబిట్ల వంటి పాత వేగాలను ఇప్పటికే ఆపివేస్తున్నారు. దానితో మొదటి తరం యంత్రాలకు ప్రవేశం ఉండదు. 2020 ఏప్రిల్‌లో అమెరికా 6 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 1200 మెగాహెర్ట్జ్ వెడల్పును లైసెన్సు లేని వాడుకకు తెరిచింది. ఈ విశాలమైన బ్యాండ్ పాత తరం వైఫై యంత్రం ఒక్కటీ లేకుండా మొదలైంది. అక్కడ పాత భాషలో ప్రకటనలు అక్కరలేదు, 802.11బి కోసం ఆగనక్కరలేదు. కొత్త ల్యాప్‌టాప్‌లు అక్కడికి తరలిపోతున్నాయి. పాతవి 1947లో రొద కోసం కేటాయించిన ఆ బంజరు భూమిలోనే, మైక్రోవేవ్ పొయ్యిల మధ్య, మిగిలిపోతున్నాయి. అక్కడ రద్దీ తగ్గడం వల్ల వాటి వేగం కూడా కొంత మెరుగుపడవచ్చు. కాని ఒకే రౌటర్ కింద ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఇకమీదట ఒకే గాలిని పంచుకోవు.